పుడ మీది చీమలు

మా మొగుడూపెళ్లాలిద్దరికీ పిస్స లేసిందని, పిచ్చి పట్టిందని మా చర్చి సారక్క అన్నదట. నా ముందర అనలేదు, నా ముందర అంటే తిరిగి ఏం వినాల్సి వస్తుందో ఆమెకు తెలుసు. నల్లా కాడ ఆడవాళ్లు బిందెలు పట్టుకొని నిలబడ్డప్పుడు అన్నదట, అక్కడే ఉన్న మా పక్కింటి జ్యోతిరాణి తన బిందె ఇంట్లో దించకముందే మా గడప మీద దించి చెప్పింది. "యేసుదాసన్న నెత్తికి బత్తి కట్టుకొని పట్టపగలు సూపర్ మార్కెట్ల బిస్కెట్ పుడ మీద బొగ్గు తవ్వుతున్నడట, పక్కకు నువ్వు కండ్లు మూసుకొని పార్థన చేస్తున్నవట, దుక్నపోడు గల్లా ఇడిసిపెట్టి మిమ్ములనే చూస్తున్నడట, గట్ల అన్నది సత్తక్కా" అని నా మొహంలోకి చూసింది, కోపం వస్తుందేమోనని. చూసిందని నేను అనుకుంటున్నానంతే, నాకు కనిపించింది ఒక ఆకుపచ్చ చీర, దాని పైన గోధుమరంగు మరక. కోపమేమీ రాలేదు. సారక్క చెప్పిన దాంట్లో అబద్ధం పిసరంత కూడా లేదు, ప్రార్థన ఒక్కటి తప్ప; నేను కళ్లు మూసుకున్నది దేవుని కోసం కాదు, అక్షరాల కోసం. ఇప్పుడు ఈ మందమర్రి చర్చి బడి హాల్లో బల్ల మీద కూర్చొని, సూది గుచ్చిన వేలికి దూది అదిమి పట్టుకొని ఆ మాట తలుచుకుంటే మళ్లీ నవ్వు పొంగుతున్నది, ఆపుకోవాలి, చుట్టూ ఉన్నవాళ్లంతా బిక్కుబిక్కుమంటున్నారు, నేనూ బిక్కుబిక్కుమనాల్సిన మనిషినే. ఈ కంటి క్యాంపు వాళ్ల కట్టడి ఒకటే. రక్తంలో షుగర్ రెండు వందల లోపు ఉంటే బయట నిలబెట్టిన బస్సెక్కి కరీంనగర్ పోయి రేపు పొర తీయించుకోవడం, దాటితే వచ్చిన దారినే ఇంటికి. నన్ను రెండుసార్లు ఇంటికి పంపారు. పొర రాయిలా ముదిరింది, ఇంకా నాన్చితే తీయడం కష్టమని పోయినసారి డాక్టరు గట్టిగానే చెప్పాడు. బస్సు ఇంజను ఆపలేదు, ఆ గుర్రుమనే చప్పుడు నేలలోంచి బల్లలోకి, బల్లలోంచి నా నడుములోకి ఎక్కుతున్నది, ఆగవే తల్లీ, నా పేరు పిలిచేదాకా కదలకు.

కళ్లకు పొర కమ్మితే లోకం చీకటవుతుందనుకుంటారు గానీ కాదు, తెల్లబడుతుంది. పాలమీగడ లోపలి నుంచి చూసినట్టుంటుంది, ట్యూబ్‌లైటు చుట్టూ బంతిపూవు పూస్తుంది, అదిగో ఆ మూల నర్సు చేయి ఊపితే కొంగ ఎగిరినట్టుంది. చెడ్డగా ఏమీ ఉండదు, చూడబోతే ముసలి మొహాలన్నీ ముడతలు పోయి నున్నగా కనిపిస్తాయి, అద్దంలో నేను కూడా. మిషన్ బోర్డింగులో పది దాకా చదివినదాన్ని, ఆదివారం ఆదివారం మా చర్చిలో వాక్యం చదివే పని నాదే, పొర వచ్చాక కూడా ఆ పని ఎవరికీ ఇవ్వలేదు, కీర్తనలు నోటికొచ్చు కాబట్టి పుస్తకం ఊరికే పట్టుకొని గడగడా చెప్పేదాన్ని. ఒకనాడు ఆరాధన అయ్యాక పాస్టరమ్మ నా చెవిలో "సత్తక్కా, దేవుడు ఎట్లయినా ఇంటడు గని, పుస్తకం ఉల్టా వట్టుకున్నవ్" అన్నది. ఇద్దరం కడుపులు పట్టుకొని నవ్వాం. అప్పుడు రాని ఏడుపు మొదటిసారి ఒక బిస్కెట్ పుడ ముందర వచ్చింది. దవాఖానలో మమతారాణి సిస్టర్ షుగర్ ఉన్నవాళ్లందరినీ కూర్చోబెట్టి, కొనే ప్రతి పుడ వెనక్కి తిప్పి చదవాలె, ముందటి బొమ్మను నమ్మద్దు అని చెప్పి పంపింది. నేను తిప్పాను. ఇంగ్లీషు అక్షరాలెక్కడివి, బెల్లానికి పట్టిన చీమలు! కళ్లు కావాలంటే షుగర్ తగ్గాలి, షుగర్ తగ్గాలంటే పుడ చదవాలి, పుడ చదవాలంటే కళ్లు కావాలి. గానుగెద్దు కూడా ఇంతకంటే నయం, దాని వెనక కాస్త నూనె అన్నా దిగుతుంది.

మా ఆయన అప్పుడు ఏమీ అనలేదు. ఎప్పుడు అన్నాడు గనుక? గని లోపల కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది, రాత్రి షిఫ్టు అయితే పగలు నిద్ర, పగటి షిఫ్టు అయితే రాత్రి నిద్ర, ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి ముప్పై ఏండ్లు మాట్లాడుకున్న మాటలు ఒక చేటలో పోస్తే చేట నిండదు. నీళ్లు. అన్నం. తలుపెయ్యి. ఖానాపూర్ అవతలి పల్లెలో ఎడ్లు కాసిన మనిషి, బడి మెట్టెక్కలేదు, గనిలో టోకెన్ నంబర్ల కోసం అంకెలు మాత్రం నేర్చుకున్నాడు. నా ఏడుపు చూసి చెప్పులేసుకొని బజారుకు పోయి, నెత్తికి కట్టుకునే బ్యాటరీ బత్తి ఒకటి కొనుక్కొచ్చాడు. ఏదైనా సరిగ్గా చూడాలంటే నెత్తిన బత్తి ఉండాలి, పట్టపగలైనా సరే, అదీ ఆయన లెక్క, గని మనుషులకు రిటైరైనా పోని అలవాటు. ఆ బత్తి వేసుకొని పుడ ముక్కు దగ్గర పెట్టుకొని "చెప్పుత, ఇను" అన్నాడు. "ఒక పాము. నిలబడ్డది." నేను కళ్లు మూసుకున్నాను, మూస్తే లోపల పలక నల్లగా శుభ్రంగా ఉంటుంది, దాని మీద పామును గీసుకున్నాను. "ఇంకోటి గిన్నె. మూత లేదు. ఇంకోటి గుండ్రం, కిందికి కొక్కెం ఏలాడుతున్నది." అట్లా ఒక్కొక్కటి పలక మీద పెట్టుకుంటూ పోయి "షుగర్!" అని అరిచాను. ఆయన పుడను దూరంగా పట్టి చాలాసేపు చూసినట్టున్నాడు. "గిదేనా? నీ ఒంట్ల గిన్నొద్దులు కాపురం చేసింది గీ పామేనా?" అన్నాడు. ఒక్క ఊపిరిలో మా ఆయన నోట అంత పెద్ద మాట వినడం నాకు అదే మొదలు.

బిస్కెట్లు వస్తున్నాయి, టీ కూడా వస్తున్నది, ఏలకుల వాసన. రక్తం ఇచ్చినవాళ్లకూ వెంట వచ్చినవాళ్లకూ పంచుతున్నారు, ఎవరో పిల్ల నా చేతిలో ఒక చిన్న పుడ పెట్టి పోయింది. పెట్టిందో లేదో పక్కనుంచి టక్కుమన్న చప్పుడు, బత్తి వెలిగింది, నా కుడివైపు ఒక సూర్యుడు. ఎదురుగా ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వండి నాయనా, సూపర్ మార్కెట్లో నవ్వినదానికంటే ఎక్కువా ఇది. మొదటి రోజుల్లో మా ఆయన ఒక పుడ తీసి, నేను రెండు వరసల అవతల ఉన్నానని గట్టిగా "ఓ సత్తీ, దీంట్ల పామున్నదే!" అన్నాడు, పప్పుల దగ్గర నిలబడ్డ ఒకామె నూనె ప్యాకెట్ జారవిడిచి బల్లెక్కినంత పని చేసింది, దుకాణం పిల్లలు కర్ర కోసం ఉరికారు. అయినా ఆ పాము మమ్మల్ని మోసం చేసింది. కాదు, పాము చేసింది కాదు, మా తెలివే. పాలలో కలుపుకొని తాగే బలంపొడి డబ్బా ఒకటి దొరికింది, దాని మీద చక్కెర కలపలేదని పెద్ద అక్షరాలట, మా ఆయన వెనక్కి తిప్పి వెతికి "పామున్నది గని సచ్చిన పాము, పక్కకు సున్నా ఉన్నది" అని సంబరంగా ప్రకటించాడు. సచ్చిన పాముకు భయమెందుకని పొద్దున ఒక గిలాస, పొద్దుగూకి ఒక గిలాస, కమ్మగా, చిక్కగా, నెల పొడుగునా తాగాను. రెండోసారి క్యాంపుకు వస్తే రెండు వందలు కాదు, మూడు వందలకు చేరువ. మొదటిసారి తప్పు వేరే రకం, క్యాంపు ముందురోజంతా పస్తుండి గోలీ మాత్రం వేసుకొని వచ్చాను, వరసలోనే కళ్లు తిరిగి పడితే నోట్లో గ్లూకోజు నీళ్లు పోసి లేపారు, పస్తుంటే షుగర్ మంచిగ చూపిస్తదనుకున్నవా అవ్వా, పాణం పోయేటిది అని డాక్టరు తిట్టాడు. బుద్ధి వచ్చింది. రెండోసారికి పస్తుండకుండా బాగా తాగి వచ్చాను, అదీ మా బుద్ధి.

ఆ బలంపొడి డబ్బా పట్టుకపోయి మమతారాణి ముందర పెట్టినప్పుడు ఆమె నవ్విన నవ్వు, ఎంత తియ్యగా నవ్విందో, ఆ నవ్వులోనే షుగర్ ఇంకో పది పెరిగి ఉంటుంది. "పెద్దనాయినా, పాము సచ్చింది సరే, దాని మీది వరసల కార్బోహైడ్రేట్ అని గీ పొడుగు మాట చూసినవా? మొదలు ఏమున్నది?" "కొడవలి" అన్నాడు మా ఆయన. "కొడవలి పక్కకు?" "ఎనభై రెండు." "వంద గ్రాముల ఎనభై రెండు పిండి, గింజను మొలకెత్తిచ్చి, నూరి, తియ్యగ చేసిన పిండి. కడుపుల వడ్డంక అది ఏమైతది మరి? పాము ఒక్కటే కరుస్తదా? కొడవలి కొయ్యదా?" ఆ రోజు నుంచి మా ఇంట్లో కొడవలే ముఖ్యం, పాము తర్వాత. కొడవలి ఎంత అని అడుగుతాను, అంకె చెప్తాడు, ఎక్కువైతే పుడ తిరిగి అరలోకి పోతుంది. దేనితో చేశారో రాసే వరసలో ముందు రాసింది ఎక్కువ, చివర రాసింది తక్కువ అని కూడా చెప్పింది మమతారాణి, ఆ ముక్క మా ఆయనకు మహా నచ్చింది. పైన పెద్ద జొన్నకంకి బొమ్మ వేసిన పిండి సంచి ఒకటి చేతికి దొరికింది, ఒక్కొక్క అక్షరం చెప్పుకుంటూ పోతే మొదట గోధుమ, తర్వాత ఇంకేదో, ఆ తర్వాత ఇంకేదో, జొన్న పాపం ఉప్పుకు ఒక మెట్టు ముందర, పెండ్లికి పిలవని చుట్టంలా ఒదిగి నిలబడి ఉన్నది. మా ఆయన ఆ సంచిని వేలి కణుపుతో టకటకమని కొట్టి చెవి పెట్టి విన్నాడు, గనిలో కప్పును కర్రతో కొట్టి వినేవాడు అట్లాగే, బోలుగా మోగితే కింద నిలబడొద్దు. "బోలుగున్నదే, నడు" అన్నాడు.

ఒక్క పుడకు ఎంతసేపు పడుతుందో చెబితే నమ్మరు. నిదానంగా, దిమ్మె మీద దిమ్మె, మూత లేని గిన్నె, పంగలకర్ర, పొట్ట ముందుకొచ్చిన ఆడమనిషి, ఒంటికాలి కొంగ, ఇవన్నీ అక్షరాలు, బోర్డింగులో ఏ టీచరూ నాకు ఇట్లా నేర్పలేదు. డేవిడ్, మా కొడుకు, పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు మా తిప్పలు చూసి ఫోనులో ఒకటి వేసి ఇచ్చాడు, పుడ మీద ఫోను పెడితే చాలు, లోపలి ఆడపిల్ల అంతా చదివి చెప్తుంది. మంచిగానే చెప్పింది, గడగడా, ఊపిరి తీసుకోకుండా, రైలు స్టేషన్ మైకులో పిల్లలా. మా ఆయన నెత్తి మీది బత్తి ఆర్పేసి, విప్పి, మడిచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. నాకు కళ్లు సరిగా కనబడకపోయినా ఆ మడవడం కనబడింది. మరునాడు డేవిడ్ బస్సెక్కాక, ఫోను పని చేస్తలేదయ్యా, గా పోరి గొంతు కూసవోయింది, జర నువ్వు చూడు అన్నాను. దేవుడు క్షమించాలి, ఫోను లక్షణంగా ఉన్నది, ఇప్పటికీ ఉన్నది. బత్తి టక్కుమంది. ఆ వారమంతా ఉప్మారవ్వ మొదలు ఊరగాయ దాకా ఇంట్లో ఉన్న ప్రతి పుడా ప్రతి సీసా చదివాం, తినేవి అయిపోతే సబ్బు కూడా చదివాం.

మొదట నవ్విన చర్చి ఆడవాళ్లే ఇప్పుడు ఆరాధన అయ్యాక చెట్టు కింద మా చుట్టూ మూగుతారు, సంచుల్లోంచి ఓట్సు, సేమ్యాలు, నన్నారి షర్బతు సీసాలు తీసి, అన్నా జర గిది జూడు, వదినా జర గిది జెప్పు అని. మా ఆయన బత్తితో, నేను కళ్లు మూసుకొని, మంత్రసాని జంటలా కూర్చుంటాం. ఇంకా చెప్పాలంటే సారక్క కూడా వచ్చింది, పొద్దుగూకిన తర్వాత, ఎవరూ చూడకుండా కొంగు కింద ఒక జొన్నపిండి పుడ దాచుకొని. "నాకు గాదు, మా ఆడిబిడ్డ అడగమన్నది" అన్నది. ఆడబిడ్డకు ఎప్పటి నుంచి షుగర్ అని నేను అడగలేదు, మెల్లగా జొన్నరొట్టె సంగతి చెప్పాను, జొన్నలు మంచియే గని నాలుగు రొట్టెలు తింటె నాలుగు రొట్టెల పిండి లోపలికి పోయినట్టే, కూర నంజుకొని రొట్టె తినుడు గాదు, రొట్టె నంజుకొని కూర తినాలె అని. సారక్క ఆ మాట నమలుతూ పోయింది.

ఎంత బాగా తింటున్నానో నేను, ఆకలి చంపుకొని బతకడమేమో అని మొదట ఏడ్చినదాన్ని. నిన్న రాత్రి పుంటికూరలో గుడ్లు కొట్టి వేసి ఇంత వండాను, పక్కన ఒకే ఒక్క రొట్టె, దాన్ని తుంచి తుంచి చివరిదాకా పొదుపుగా తిన్నాను. పుంటికూర పులుపుకు చెవుల వెనక చెమట పట్టింది. మొన్న గోదావరి బొమ్మెచేప, వేయించింది, ముళ్లు తీసి నా పళ్లెంలో పెట్టాడు మా ఆయన, "కొడవలి లేదు, పాము లేదు, పుడ కూడ లేదు, తిను" అన్నాడు. అవును, పుడ లేనిదానికి చదవడమే అక్కర్లేదు. చింతచిగురు మీద ఎవరు ఏం రాశారు? కోడిగుడ్డు మీద ఏమున్నది? పల్లీలు దోసిట్లో పట్టినన్ని, అంతకు మించకుండా. అన్నం మీద ప్రేమ పోలేదు, పోదు, పక్కింట్లో అన్నం ఉడికే వాసన వస్తే ఇప్పటికీ ముక్కు అటే తిరుగుతుంది, పాత మొగుణ్ని బజార్లో చూసినట్టు చూసి తల తిప్పుకుంటాను. ఆ మాట పాస్టరమ్మతో అంటే చెవులు మూసుకుంది.

"ఓ సత్తీ" అంటున్నాడు పక్కన, "గీ బిస్కెట్ల మొదటి మాట ఒంటిదిమ్మె, మీద పొట్ట, కింద కాలు సాపింది." రిఫైన్డ్ అన్న మాట, మైదానే అయి ఉంటుంది, అన్ని బిస్కెట్లలాగే. "కొడవలి?" "డెబ్బై ఆరు." "పక్కోళ్లకియ్యి, షుగర్ లేనోళ్లకు." ఇచ్చినట్టున్నాడు, పుడ చప్పుడు దూరమైంది, టీ వాసన మాత్రం పోలేదు. ఎల్లుండి కట్టు విప్పితే, ఈ సూర్యుడు బత్తి అవుతాడు, బత్తి కింద ఒక మొహం ఉంటుంది, ముడతలు ఉంటాయి, సరే. చీమలు మళ్లీ అక్షరాలవుతాయి. నేనే తిప్పి నేనే చదువుకుంటాను, ఒక్క చూపులో, ఎవరినీ అడగకుండా, కొడవలిని కొడవలి అనకుండా. మరి ఈయన? నీళ్లు, అన్నం, తలుపెయ్యి? ఈ భయం షుగర్ భయం కంటే చిన్నదేమీ కాదు, దీన్ని ఎవరికి చెప్పుకోవాలి, ఏ దవాఖానలో చూస్తారు? కండ్లు కావాలి ప్రభువా, కావాలి, కాదనడం లేదు, వాక్యం నా కళ్లతో చదవాలి, డేవిడ్ పెండ్లికి కోడలు మొహం చూడాలి, కానీ. "కండ్లచ్చినంక నీకు పనుండదయ్యా" అన్నాను, నవ్వుతూనే అన్నాను. బత్తి ఇంకా వెలుగుతూనే ఉంది, నా మొహం మీదికి తిరిగినట్టుంది, కుడిచెంప వెచ్చబడింది.

"సత్తవ్వా! యేసుదాసు భార్య సత్తవ్వా!" ఎవరో పిలిచారు, నా కాళ్లు నాకంటే ముందే లేచాయి. కాగితం ఆయనే అందుకున్నాడు. అంకెలు. అంకెలకు నేను అక్కర్లేదు, అవి ఆయన సొంతం. "ఒకటి" అన్నాడు. "ఐదు. ఎనిమిది." నూట యాభై ఎనిమిది! మళ్లీ చెప్పమన్నాను, మళ్లీ చెప్పాడు, మూడోసారి అడగకుండానే చెప్పాడు, హాల్లో అందరికీ వినపడేటట్టు, కీర్తన పల్లవి ఎత్తుకున్నట్టు. పుంటికూరకు స్తోత్రం, బొమ్మెచేపకు స్తోత్రం, మమతారాణి నవ్వుకు స్తోత్రం, నాకు ఎగరాలనిపించింది, ఈ వయసులో, ఈ మోకాళ్లతో, కొంచెం ఎగిరాను కూడా. ఆయన చేయి పట్టుకొని మెట్లు దిగాను, ఎండ తగిలింది, ఎదురుగా పెద్ద పసుపు ముద్ద, గుర్రుమంటూ, అదే బస్సు. మెట్టు మీద కాలు పెట్టాను, నా వెనకే ఆయన కాలు పెట్టాడు.

తలుపు దగ్గర నిలబడ్డ క్యాంపు అమ్మాయి చేయి అడ్డం పెట్టింది. "పేషెంట్లే ఎక్కాలె బాపూ, సీట్లు గంతమందికే ఉన్నయ్. నువ్వు రేపు రా."

"ఆమె ఒక్కతె ఎట్ల పోతది?" అన్నాడు మా ఆయన.

"మేం లేమా? ఫికర్ చెయ్యకు. చుక్కల మందు ఎట్లెట్ల ఎయ్యాల్నో చీటి గూడ రాసిస్తం. సదువొస్తదా అవ్వా నీకు?"

"పది చదివిన" అన్నాను.

"గింకేంది మరి? తనే సదువుకుంటది. దిగు బాపూ, బస్సు లేటైతున్నది."

ఆయన దిగలేదు. నెత్తి మీది బత్తి కూడా ఆర్పలేదు.

"సదువు ఆమె కాడున్నది, కండ్లు నా కాడున్నయ్. ఒక్కల్నే తీస్కపోయి ఏం చేస్కుంటవ్?"